నల్లమల పల్లంలో పుట్టింది

కొండలు ఎలా పుడతాయని బడిపిల్లల్ని అడిగితే, భూఫలకాలు ఢీకొన్నప్పుడు నేల ముడుతలు పడి పైకి లేస్తుందని చెబుతారు. అది తప్పు కాదు, కానీ సగం కథే. ముడుతలు పడాలంటే ముందు అక్కడ పొరలుండాలి. పొరలు పేరుకోవాలంటే పల్లం కావాలి. ఆ పల్లం పూడుతున్న కొద్దీ నేల ఇంకా కుంగుతూ పోవాలి. ఇలాంటి కుంగుబాటుకు చాలాచోట్ల మూలం భూపటలం సాగి పలచబడటమే. నల్లమలకు ఏ రాయి దక్కాలో, ఏ ఖనిజం దక్కాలో, దాని గట్లూ లోయలూ ఎక్కడ ఏర్పడాలో ఒత్తిడి రాకముందే, నేల కుంగిన కాలంలోనే చాలావరకు ఖాయమైందని నా వాదన. ఆ సంగతి పట్టించుకోకపోతే కొండను చదవడమే కాదు, కాపాడుకోవడమూ మనకు చేతకాదు.

నల్లమల, శేషాచలం, పాలకొండలు, ఎర్రమలలు అన్నీ కడప బేసిన్ అనే ఒకే పురాతన పల్లానికి చెందినవి. దాదాపు 44,500 చదరపు కిలోమీటర్ల ఈ బేసిన్‌లో రాతి పొరల మొత్తం మందం కొన్ని కిలోమీటర్లు. అంత మందం ఉంది కాబట్టి ఒకప్పుడు ఇక్కడ అంత లోతైన సముద్రం ఉండేదని అనుకోవడం సహజం. రాళ్లు మాత్రం వేరే చెబుతున్నాయి. గట్టి ఇసుకరాళ్ల మీద అలల ముద్రలు, ఎండిన బురద నెర్రెలు కనిపిస్తాయి. వేంపల్లె పొరల్లో వెలుతురు అందే లోతు తక్కువ నీటిలో సూక్ష్మజీవులు కట్టిన స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. లోతైన గుంత ఒక్కసారిగా ఏర్పడి మెల్లగా పూడి ఉంటే ఈ గుర్తులు పైపొరల్లోనే మిగలాలి. కింది పొరల్లోనూ ఉన్నాయంటే, మేట ఎంత పడిందో నేల దాదాపు అంతే కుంగిందన్నమాట. సాగిన భూపటలం పలచబడి దిగుతుంది, కింద నుంచి వేడి భూప్రావారం (మాంటిల్) పైకి వస్తుంది, ఆ తర్వాత అది చల్లారి బరువెక్కే కొద్దీ నేల కోట్ల ఏళ్ల పాటు నిదానంగా కుంగుతూనే ఉంటుంది. ఈ రెండు దశల లెక్కను 1978లో భూభౌతిక శాస్త్రవేత్త డాన్ మెకెంజీ వివరించారు. కడప బేసిన్ పడమటి అంచులో ఆ వేడికి సాక్ష్యం దొరుకుతుంది. వేంపల్లె పొరల్లో లావా ఉంది. పులివెందుల దగ్గర పొరల మధ్య దూరి గడ్డకట్టిన శిలాద్రవం వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు అక్కడ తవ్విన రాతినార, అలాంటి శిలాద్రవం తాకి ఉడికించిన డోలమైటులో పుట్టిందే.

తూర్పు నుంచి ఒత్తిడి వచ్చింది ఆ తర్వాతే. అప్పుడు కూడా పొరలు తమ స్వభావాన్ని బట్టే లొంగాయి. గట్టి క్వార్ట్‌జైట్ గట్లుగా నిలిచింది, మెత్తటి షేల్ కోసుకుపోయి లోయలైంది. కంభం దగ్గర గుండ్లకమ్మ కొండల్ని చీల్చుకుని వచ్చే సందులో కట్టవేసి చెరువు కట్టిన పూర్వులకు ఈ తేడా కళ్లారా తెలుసు. ఈ కథంతా మార్కాపురం పలకలో చేతికందుతుంది. అందులోని సన్నటి మన్ను పల్లం అడుగున పేరుకున్న బురద. అది పల్చటి రేకులుగా చీలడం తర్వాతి ఒత్తిడి పెట్టిన గుణం. ఒత్తిడి ఎంత బలమైనదైనా ఆ బురద లేకుండా పలక తయారయ్యేది కాదు. మంగంపేట ముగ్గురాయి కూడా ఆ పల్లం అడుగున పొరలుగా పేరుకున్నదే.

ఒత్తిడే లేకపోతే నల్లమల లేచేదా అని అడగవచ్చు. ఆ ముడుతలు వచ్చేవి కావు, నిజమే. కానీ గండికోట చూడండి. అక్కడి పొరలు దాదాపు బల్లపరుపుగానే ఉన్నాయి. అయినా పెన్న కోసిన ఆ నిలువు గోడలు అంత ఠీవిగా నిలబడ్డాయంటే కారణం పొరల గట్టిదనమే. ఇంకొందరు ఈ పల్లం భూపటలం సాగి ఏర్పడింది కాదని, తూర్పున పేరుకున్న కొండల బరువుకు వంగిందని అంటారు. నల్లమల పొరలు పేరుకున్న తర్వాతి దశకు ఆ వివరణ కొంత పొసగవచ్చు. పడమటి అంచున తొలి దశలోనే పొంగిన లావాకు మాత్రం అది చాలదు. పైనుంచి పడిన బరువు నేలను వంచగలదు గానీ, కింది నుంచి అంత శిలాద్రవాన్ని రప్పించడం కష్టం.

ఈ చర్చ పండితుల గదికే పరిమితం కాకూడదు. కొండల రక్షణ అనగానే మన చూపు శిఖరాల మీదికీ అడవి మీదికీ పోతుంది. కొండ పుట్టుకను చెప్పే రాళ్లు మాత్రం ఎక్కువగా వంకల్లో, రోడ్డు కోతల్లో, పాత గనుల గోడల్లో ఉంటాయి. తిరుమల ఘాట్‌లో పురాతన గ్రానైట్ మీద బేసిన్ ఇసుకరాయి కూర్చున్న గీతను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఆ రెండు రాళ్ల మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లు కూడా తెచ్చింది. గనులూ రోడ్లూ ఆపమని నేను అనడం లేదు. వేంపల్లె స్ట్రోమటోలైట్లనూ పులివెందుల దగ్గర శిలాద్రవం తాకిన గోడలనూ తవ్వకానికి ముందే గుర్తించి, కొంత మేర వదిలిపెట్టమంటున్నాను. రాయలసీమ, ప్రకాశం బడుల్లో కొండల పాఠాన్ని నేల కుంగుబాటుతో మొదలుపెట్టమంటున్నాను. ఆ పాఠానికి కావలసిన పలక మార్కాపురంలోనే దొరుకుతుంది.