పెరటి కూరగాయల దానానికీ లెక్క ఉండాలి
ఆదాయపు పన్ను చట్టం ప్రకారం డబ్బుగా ఇచ్చిన విరాళానికే మినహాయింపు. వస్తువుగా ఇచ్చినదానికి లేదు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు, అంతకు మించితే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. వస్తువుకు మినహాయింపు లేనందువల్ల నరసరావుపేటలో ఒక ఉద్యోగి పెరట్లో కాసిన బీర, సొర, మునగ కాయలను వృద్ధాశ్రమానికి పంపితే పన్నులో ఒక్క రూపాయి తగ్గదు. అవే అమ్మి, వచ్చిన డబ్బును గుర్తింపు పొందిన సంస్థకు ఇస్తే మాత్రం పాత పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది. పొలం మీదే బతికే రైతుకు ఈ చిక్కు లేదు. వ్యవసాయ ఆదాయానికి అసలు పన్నే లేదు. అమెరికాలో వస్తుదానానికి మినహాయింపు ఉన్నా, ఇంటి తోట కూరగాయలకు సాధారణంగా పెంచడానికైన ఖర్చుకు మించి దక్కదు. కూరగాయలకు వెల కట్టడం కష్టమనే అభ్యంతరం సబబే. కానీ రైతు బజారులో ఏ రోజు ధర ఆ రోజే బోర్డు మీద కనిపిస్తుంది. తూకం, ఆ ధర, సంస్థ ఇచ్చే రసీదు ఉంటే ఏడాదికి ఒక పరిమితి వరకు మినహాయింపు ఇవ్వడం అసాధ్యం కాదు. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోబెట్టిన పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడును నరసరావుపేట ఉన్న పల్నాడు నేటికీ తలుచుకుంటుంది. ఆకలి తీర్చే పంటను చట్టం కూడా దానంగా గుర్తించాలి.