గోడ ఆరకుండా రంగులెందుకు?

(ఆత్మకూరు విలేఖరి)

నెల్లూరు జిల్లాలో యేటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు - డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలే అయినా, ఆ రోజుల్లో పాత మిద్దెలు కారడం, గోడలకు నల్లబూజు పట్టడం మామూలే. 2021 నవంబరులో పెన్న వరద సోమశిల దిగువ పల్లెల్లో ఇళ్లను ముంచింది.

బడినిగానీ, ఇంటినిగానీ బాగుచేసేటప్పుడు బూజు మీదనే సున్నమో, రంగో వేయడం పరిపాటి అయింది. ఇది డబ్బు దండగ. గోడలో తడి వున్నంతకాలం బూజు మళ్లీ పైకి వస్తుంది. దాని నుంచి లేచే కంటికి కనపడని పొడి గదిగాలిలో కలిసి దగ్గు, ఆయాసం తెస్తుంది. చెమ్మ ఇళ్లలో ఉబ్బసం బాధ ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది.

సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తడి లోపలే వుండిపోతుంది.

కనుక ముందు కారే చోటు మూయాలి. తలుపులు, కిటికీలు తెరిచి గోడను ఆరనివ్వాలి. పెచ్చులూడే పూతను తీసివేయాలి. బూజును పొడిగా గీకరాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని సబ్బునీటితో తుడవాలి. పిల్లలు, ఆయాసం వున్నవారు అప్పుడు దూరంగా వుండాలి. రంగు చివరి పని.

2019లో ప్రారంభమైన 'నాడు - నేడు' పనుల జాబితాలో మరమ్మతులు, రంగులు రెండూ వుండేవి. ఏ పథకం వచ్చినా, బిల్లు మంజూరు చేసే ముందు ఇంజనీర్లు రంగును కాక గోడ తడిని చూడవలసి వుంది. పిల్లలు పగలంతా పీల్చేది ఆ గదిగాలినే.