పలకయు ట్యాబును

బడులలో ట్యాబులు ఉండవలెనా, కూడదా యను ప్రశ్న మన ప్రాంతమున ఇంటింట వినవచ్చుచున్నది. ట్యాబు చేతికి వచ్చినంతమాత్రమున బిడ్డ విద్యావంతుడగునని కొందరును, అది వచ్చిన దినముననే చదువు చెడునని మరికొందరును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు గావు. ట్యాబు ఒక పనిముట్టు. దానిపై బిడ్డ చేసిన పనిని ఉపాధ్యాయుడు చూచి దిద్దినయెడల అది చదువునకు తోడ్పడును. చూడనియెడల ఎంత వెల పెట్టి కొన్నను ప్రయోజనము స్వల్పము. ఈ యభిప్రాయమునకు మాకు గల హేతువులను ఇచ్చట విన్నవింతుము.

వ్రాతపనిముట్లు మారుట మనకు క్రొత్త గాదు. పూర్వము వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర చెన్నపట్టణమున ఎగ్మూరులో అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ దొర, మలబారు పిల్లలు ఇట్లు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో ఆయన ప్రకటించిన గ్రంథము మూలముగా అది ఇంగ్లాండులో సైతము వ్యాపించెను. అయితే ఆయన పద్ధతికి ప్రాణము ఇసుక గాదు. ముందు నేర్చిన బాలుడు ప్రక్కన కూర్చుండి వెనుకబడినవానికి నేర్పుటయే. పిమ్మట మన బడులకు మార్కాపురపు పలకలు వచ్చెను. పలకకు గల గొప్ప గుణమేమి? బిడ్డ వ్రాసినది క్షణములో మాష్టరుగారి కంటబడును. తప్పు అప్పుడే దిద్దబడును. చెరపి మరల వ్రాయవచ్చును. “పలక చూపుము” అను మాటలో బోధనాపద్ధతి యంతయు ఇమిడియున్నది. ట్యాబును గూర్చియు మేమడుగునది అదియే: దానిని చూచువారెవరు?

మన రాష్ట్రమున జరిగినదానిని తలచుకొందము. 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వమువారు ట్యాబుల పంపిణీని ఆరంభించిరి. ఎనిమిదవ తరగతి విద్యార్థులు 4,59,564 మందికిని, ఉపాధ్యాయులు 59,176 మందికిని ఇచ్చుటకు సంకల్పించిరి. దానికి ప్రకటించిన వ్యయము రమారమి 686 కోట్ల రూపాయలు. మరుసటి సంవత్సరము డిసెంబరులోను మరియొక పంపిణీ జరిగెను. అంతర్జాలము అందని యూరనైనను చూచుటకు వీలుగా పాఠములు ముందే నింపబడియుండెను. అధిక రుసుము చెల్లింపగల పట్టణపు పిల్లలకు మాత్రమే దొరకిన పాఠములు దివిసీమ లంకగ్రామముల పిల్లల చేతికి కూడ వచ్చుట సామాన్యవిషయము గాదు. ఆ సంకల్పమును మేము మెచ్చుచున్నాము. కాని ఆ పాఠములను సమకూర్చిన బైజూస్ సంస్థపై 2024 జూలైలో దివాలా విచారణ ఆరంభమయ్యెను. వ్యాపార సంస్థలకు లాభనష్టములు కలుగుచుండును; బడి మాత్రము ఏటేట నడువవలసియున్నది. కావున పాఠములకై ఏ యొక్క సంస్థపైనను ఆధారపడుట క్షేమము గాదు. కేంద్రప్రభుత్వము 2017లో నెలకొల్పిన దీక్షా వేదికయందు ఉచితముగా దొరకు పాఠములను ఉపాధ్యాయులు ఏరుకొని వాడుట మేలు.

ఇతర ప్రదేశముల యనుభవమును మనకు పాఠము చెప్పుచున్నది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున గ్రామీణ పాఠశాలల పిల్లలకు చిన్న ల్యాపుటాపులు పంచిరి. 319 పాఠశాలలను పరీక్షించిన పండితులు, సుమారు పదునైదు నెలల పిమ్మటను గణితమునందుగాని భాషయందుగాని అభివృద్ధి కానరాలేదని 2012లో ప్రకటించిరి. ఢిల్లీలో 2015లో జరిగిన ప్రయత్నము వేరు. అచ్చట చాలవరకు ఆరు మొదలు తొమ్మిదవ తరగతి వరకు గల 619 మంది పిల్లలలో చీట్లు వేసి, సగముమందిని బడి విడిచిన పిమ్మట ఒక కేంద్రమునకు పిలిచిరి. ప్రతిదినము కొంతసేపు కంప్యూటరు ముందును, కొంతసేపు చిన్న గుంపులుగా బోధకుని యెదుటను కూర్చుండబెట్టిరి. నాలుగున్నర మాసములలో ఆ పిల్లలు తక్కినవారికంటె గణితమునందు సుమారు రెండింతల పురోగతి చూపిరి. ఏలయనగా ఆ కంప్యూటరు పిల్లవాని తరగతిని జూడక, వానికి వచ్చినదెంతయో కనుగొని అచ్చటనుండి నేర్పెను. ఎనిమిదవ తరగతి బాలునికి భిన్నములే రానప్పుడు బీజగణితపు బొమ్మలెన్ని చూపినను లాభమేమి? నలువదిమంది గల క్లాసులో ఎవరెచ్చట ఆగిపోయిరో కనుగొనుట ఒక ఉపాధ్యాయునికి మిక్కిలి కష్టము. ట్యాబు చేయగల నిజమైన సహాయమిదియే.

ఇక మన సంగతి. ప్రతి బిడ్డకును ట్యాబు కొనుమని తలిదండ్రులను అడుగుట తగదని మా నిశ్చితాభిప్రాయము. మంగినపూడి తీరమున వేటకు పోవువారును, వరిపొలములలో కూలి చేయువారును, పెడనలో మగ్గము నేయువారును, చిలకలపూడి రోల్డుగోల్డు పనివారును మన పిల్లల తలిదండ్రులు. బడి యడిగినచో వారు కాదనలేక వడ్డీకి అప్పు తెత్తురు. అంతియేగాక, ట్యాబు ఇల్లు చేరినప్పుడు అన్న చేతికి చిక్కి, చెల్లెలు వంటయింటికి పోవుట పలు గృహములలో జరుగుచున్నదే. బడిలోనున్న ట్యాబునందు ఆమె వంతు ఆమెకు తప్పక దక్కును.

“పట్టణపు పిల్లలకు ఇంట అన్నియు గలవు, మన పిల్లలు వెనుకబడరా?” అని యడుగువారు గలరు. ఆ భయము న్యాయమైనదే. అందుచేతనే బడివేళలలో, బడి ఖర్చుతో, అందరికిని సమానముగా దీనిని నేర్పవలెనని కోరుచున్నాము. ఒక గదిలో ముప్పది, నలువది ట్యాబులుంచి తరగతులవారు వంతులచొప్పున వాడుకొనవచ్చును. వారమునకు రెండు పీరియడులు చాలును. లెక్కను మాత్రము నోటుపుస్తకమున చేసి, జవాబును ట్యాబున వేయవలెను. లేనిచో ఊహించి మీట నొక్కుట అలవాటగును. ఎవరే లెక్కలో తప్పిరో ఉపాధ్యాయుడు ఆ సాయంకాలమే చూచి, మరునాడు నల్లబల్లపై దానినే బోధింపవలెను. ఇందులకు ఉపాధ్యాయులకు శిక్షణయు, తీరికయు కావలెను. యంత్రములకు సొమ్ము వెచ్చించి శిక్షణకు సొమ్ము లేదనుట, నాగలి కొని ఎద్దులను మరచుట వంటిది.

విద్యార్థులారా, ట్యాబు తప్పు చెప్పినప్పుడు సిగ్గుపడవలదు. అది ఎవరికిని చాటి చెప్పదు, విసుగుకొనదు. కాని ఆ తప్పు ఎందుకు వచ్చెనో తెలియనప్పుడు చేయెత్తి మాష్టరుగారిని అడుగుడు. అట్లడుగుట మీ హక్కు.

తలిదండ్రులారా, సాయంకాలము బిడ్డ ఇల్లు చేరగానే “నేడు నీ తప్పును ఎవరు దిద్దిరి?” అని యడుగుడు. బిడ్డ జవాబు చెప్పలేనియెడల బడికి వచ్చి ఆ ప్రశ్ననే మమ్ము నడుగుడు.