పాతబండికి పట్టాభిషేకం!

సినిమా రాయుళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? విడుదలైనప్పుడు బోసిపోయిన హాలు, కొన్నేళ్ల తర్వాత అదే బొమ్మకు కిక్కిరిసిపోవడం మీరూ చూశారు. 2010లో వచ్చిన ‘ఆరెంజ్’ అప్పట్లో నిరాశపరిచిందా? 2023లో మళ్లీ వేస్తే కుర్రకారు ఈలలతో పైకప్పు లేచిపోయింది. మోటారుబళ్ల లోకంలోనూ అచ్చం ఇదే వరస! ఒకప్పుడు ‘మాకొద్దు బాబోయ్’ అన్న బండే ఇవాళ లక్షలు పలుకుతోంది. ఈ వారం కబుర్లు దాని గురించే.

మా శిరివెళ్ల నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య, పెద్దరోడ్డు మీద ఉంది. కర్నూలు నుంచి కడప పోయే బండి ఏదైనా మా కళ్లముందు నుంచి పోవాల్సిందే. టీకొట్టు బెంచీ మీద కూర్చుంటే చాలు, సౌండును బట్టే పేరు చెప్పేసే కుర్రాళ్లున్నారు మా ఊళ్లో. ‘‘అన్నా, అది ఆరెక్స్ కాదు, నూటముప్పై అయిదు!’’ అని పందెం కాసి టీ తాగేస్తారు. వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. ‘‘పాతబండికి అంత రేటు ఎందుకన్నా?’’

దానికి జవాబు రాజ్‌దూత్ 350 దగ్గర దొరుకుతుంది. యమహావారి ఆర్‌డీ 350కి ఇది మనదేశపు తమ్ముడు. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ దీన్ని ఫరీదాబాద్‌లో తయారుచేయడం మొదలెట్టింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూస్ట్రోక్. జపానులో దీని అన్న 39 గుర్రాల బలంతో, ముందు డిస్క్ బ్రేకుతో వచ్చాడు. మనవాళ్లు బలం తగ్గించి, డ్రమ్ము బ్రేకు పెట్టారు. తొలుత వచ్చినదాన్ని హైటార్క్ అన్నారు, 30.5 గుర్రాలు. ‘పెట్రోలు నీళ్లలా తాగుతోంది మొర్రో’ అని జనం మొత్తుకుంటే, మైలేజీ కోసం ఇంకాస్త బిగించి లోటార్క్ అని మరోటి తెచ్చారు, 27 గుర్రాలు. అయినా కొనేవాళ్లు కరువయ్యారు. పెట్రోలు ఖర్చొకటి, స్పేర్‌పార్టుల ధర మరొకటి. ఆ దశాబ్దం ముగిసే వేళకు బండి కథ కంచికి చేరింది.

ఇప్పుడో? రెండింటికీ ఆదరణ ఉంది. కానీ పక్కపక్కన నిలబెడితే హైటార్కుకే రేటు ఎక్కువ! ఆనాడు మైలేజీ చూసి ముఖం తిప్పుకున్నదాన్నే ఈనాడు వెతుక్కుంటున్నారు. ఎందుకంటారా? మైలేజీ కావాలనుకునేవాడికి షోరూములో బోలెడు కొత్తబళ్లున్నాయి. పాతబండి కొనేవాడు లీటరుకు ఎంతిస్తుందని అడగడు సుమా! కొత్తబండిలో దొరకనిదాన్ని అడుగుతాడు. ఆ బలం, ఆ శబ్దం, ఆ పొగరు.

ఇది మన రాయలసీమ పిచ్చి మాత్రమే అనుకునేరు. సీమదేశాల్లోనూ ఇదే తంతు. జర్మనీలో పోర్షే కంపెనీ రేసుల నిబంధన కోసం 1973 మోడలుగా 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 అనే కారు చేసింది. 500 చేస్తే చాలనుకున్నది కాస్తా 1,580 దాకా పోయింది. అందులో రెండు రకాలు. హంగులన్నీ ఉన్న టూరింగు ఒకటి, బరువు తగ్గించాలని సౌకర్యాలన్నీ ఊడబీకిన లైట్‌వెయిటు రెండోది. ఎక్కువమంది హంగులున్నదే కొన్నారు. నేడు వేలంపాటలో ఎక్కువ పలికేది మాత్రం ఏమీ లేని ఆ తేలికబండే! మనదేశంలో కార్ల ప్రియులూ అంతే. 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్‌కు 106 గుర్రాలు. మామూలు సిటీ పాతబడితే పాతకారే. వీటెక్ దొరికితే మాత్రం ఫోన్లు మోగుతాయి.

ఇక మన కుర్రాళ్ల కలలరాణి దగ్గరకొద్దాం. యమహా ఆర్‌ఎక్స్ 100! 1985 చివర్లో వచ్చింది, 1996లో ఆగింది. 98 సీసీ, 11 గుర్రాలు, నాలుగు గేర్లు. బక్కపలచని ఒళ్లు, అందుకే ఆ దూకుడు. 2018లో అజయ్ భూపతి దర్శకత్వంలో ‘ఆర్‌ఎక్స్ 100’ సినిమా వచ్చింది. హీరో కార్తికేయతోపాటు బండి కూడా స్టారయిపోయింది. 1973లో ‘బాబీ’లో రిషీకపూర్ ఎక్కిన బుల్లి రాజ్‌దూత్‌ను జనం నేటికీ ‘బాబీ బండి’ అనే పిలుస్తారు కదా, ఇదీ అలాంటిదే. మావైపు చూరుకింద కోళ్లు పడుకునే ఆరెక్సులన్నిటికీ ఆ ఏడాది తెల్లారేసరికి స్నానాలయ్యాయి!

అయితే బాబులూ, ఆర్‌ఎక్స్ అన్న ప్రతిదీ ఆర్‌ఎక్స్ 100 కాదు. నూటముప్పై అయిదు ఇంజనుకు వంద స్టిక్కరు అంటించి అమ్మే ఘనులున్నారు. అందుకే తెలిసినవాడు ముందు ట్యాంకు నిగనిగ చూడడు. కిందికి వంగి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చూస్తాడు. రెండూ సీ బుక్కులో ఉన్నవాటితో కలవాలి. ఆ తర్వాత ‘సీలు ఇంజనా, బోరు వేయించారా?’ అంటాడు. ఆఖర్న రంగు సంగతి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొత్త పెయింటు, కొత్త క్రోము వేయిస్తే రేటు పెరుగుతుందనుకుంటారు. గీతలుపడ్డా సరే, కంపెనీ రంగుకే విలువ! ఆళ్లగడ్డ శిల్పుల్ని అడగండి. ఉలి ఒక్కసారి చెక్కేసిన రాయిని మళ్లీ అతికించలేమంటారు. గీకేసిన కంపెనీ రంగూ అంతే.

మా ఊళ్లోనే నా స్నేహితుడొకడి సంగతి చెబుతాను. వాళ్ల నాయన 1989లో కొన్న ఆర్‌ఎక్స్ 100 కొట్టంలో ఉంది. నాయన పోయి నాలుగేళ్లు. కూతురికి ఇంజనీరింగు సీటొచ్చింది, ఫీజు కట్టాలి. దళారి ఒకడొచ్చి, ‘‘పాతినుము న్నా, నలభైవేలిస్తా, ఇచ్చెయ్’’ అన్నాడు. మావాడు తలూపబోయి, ఒక్కరోజు గడువడిగాడు. ఆ మర్నాడే బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ట్యాంకు మీద కంపెనీ రంగు చూసి, నంబర్లు చూసి, ఒక్క కిక్కు కొట్టి, ‘‘లక్షా పదివేలు’’ అన్నాడు. మావాడి ముఖం వెలిగింది. ‘‘సీ బుక్కు ఎవరి పేరున ఉంది?’’ అన్నాడాయన. నాయన పేరునే ఉంది. పైగా గడువు దాటిపోయింది. ‘‘అయితే అరవైవేలు!’’

చూశారా? అదే బండి, అదే ఇంజను, అదే కిక్కు. కాగితం లేకపోతే యాభైవేలు గాలికి!

యజమాని చనిపోతే వారసుడు మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టుకుని తన పేరుకు మార్పించుకోవాలి. మావాడు అది తెలియక నాలుగేళ్లు ఊరుకున్నాడు. చీటీ పాడి ఫీజు తొలి వాయిదా కట్టేసి, వారసుల కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. జరిమానా కట్టాడు, రిజిస్ట్రేషను రెన్యూవలు చేయించాడు. రెండు నెలలు పట్టింది. బెంగుళూరు ఆసామి మాటమీద నిలబడ్డాడు, లక్షా పదివేలూ లెక్కపెట్టాడు. బండి ఎక్కిస్తుంటే మావాడి కళ్లు చెమర్చాయి. వాళ్లమ్మ మాత్రం, ‘‘మీ నాయన ఉంటే మనవరాలి చదువుకు ఎప్పుడో అమ్మేసుండేవాడు, లోపలికి రా’’ అంది. ఇంకేం మాట్లాడతాడు!

అమ్మేటప్పుడూ మావాడు తాళంచెవి ముందివ్వలేదు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే ఇచ్చాడు. తమ్ముళ్లూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. బండి ఎవరు నడిపినా, బుక్కులో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బండి అమ్మేశాను కదా అని మీరు సినిమాకు పోతే, దాన్ని కొన్నవాడు ఎక్కడో గుద్దితే, కోర్టు మెట్లు ఎక్కేది మీరే!

ఇంకో ముక్క. సొంతబండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లే. ఆపైన అయిదేళ్లకోసారి రెన్యూవలు, అదీ బండి పరీక్షలో నెగ్గితేనే. ‘వింటేజి’ అనే హోదా యాభై ఏళ్లు దాటినవాటికి మాత్రమేనని 2021 నిబంధన. ఆ హోదా వచ్చాక రోజూ రోడ్డెక్కడానికి వీల్లేదు. కాబట్టి ‘మాది వింటేజి ఆరెక్సు’ అని ఎవడన్నా కోస్తే నవ్వి ఊరుకోండి. దానికి ఆ వయసు రావాలంటే 2035 దాకా ఆగాలి.

మరి కొనాలా, వద్దా? మోజుంటే కొనండి, ఎవరొద్దన్నారు! కానీ లాభం కోసమని అప్పుచేసి మాత్రం కొనకండి. సినిమా వేడి మీద పెరిగిన రేటు ఆ వేడి తగ్గితే దిగనూవచ్చు. ఇంజను చూడటానికి మెకానిక్కునూ, కాగితాలు చదవడానికి ఇంట్లో పెద్దవాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి. ఇక హెల్మెట్టు మాట. తెరమీద పడే హీరో కింద పరుపుంటుంది. మన పెద్దరోడ్డు మీద ఎవరూ పరుపు వేయలేదు, అదీ సంగతి!

వచ్చేవారం మరో కబురుతో కలుద్దాం.