అమ్మిన దీపమునకు లెక్క చెప్పవలసినవారు

కమాన్‌పూర్ మండల గ్రామములందును, చెంతనున్న సింగరేణి క్వార్టర్లయందును ట్యూబులైట్లు దిగుచున్నవి, వాని స్థానమున ఎల్ఈడీ పట్టీలు ఎక్కుచున్నవి. ఈ మార్పు మేలైనదే. 2015 జనవరి 5న ఆరంభమైన ఉజాలా పథకము క్రింద దేశమున 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ యైనవి. ఇంటింట కరెంటు బిల్లు తగ్గినది. అయితే గోడ దిగిన ట్యూబు ఎచ్చటికి పోయినదని అడిగిన అధికారి లేడు. పాత ఇనుపసామాను కొట్టువాడు చోకును తూచి తీసికొనును, దానిలో రాగితీగ యున్నది గనుక. ట్యూబును మాత్రము ముట్టడు. అది పెంటకుప్పపై పడి పగులును, లోపలి తెల్లని పొడి ఎగయును, ఆ పొడి నంటియున్న పాదరసము ఆవిరియై అచ్చట ఆడుకొను పిల్లల ఊపిరిలో చేరును.

ఒక్క ట్యూబులోని పాదరసము కొన్ని మిల్లీగ్రాములే గదా, ఇంతమాత్రమునకు శాసనము లేలయని కొందరు వాదింతురు. బొగ్గును కాల్చు విద్యుత్కేంద్రముల పొగగొట్టములనుండి వెలువడు పాదరసము ఇంతకన్న అధికమనియు, తక్కువ కరెంటుతో వెలుగు దీపము ఆ పాదరసమును సైతము తగ్గించినదనియు వారు చెప్పుదురు. రామగుండము చిమ్నీల నీడలో బ్రతుకు మనకు ఆ మాట తెలియనిది కాదు, అబద్ధమును కాదు. కాని పొగలో కలసిన పాదరసమును మరల పట్టుట దుస్సాధ్యము. గాజుగొట్టములో బంధింపబడి మన చేతికి వచ్చిన పాదరసమును పగులకుండ అప్పగించుట సులభసాధ్యము. సులభమైన పనిని విడిచిపెట్టుటకు కష్టమైన పనిని సాకుగా చూపుట న్యాయము కాదు. నీట చేరిన పాదరసమును సూక్ష్మజీవులు మిథైల్ పాదరసముగా మార్చును. అది చేపలలో పేరుకొని మనుష్యుల నాడీమండలము నెట్లు ఛిద్రము చేయునో 1956లో జపానుదేశపు మినమాట లోకమునకు చూపినది. ఆ ఊరి పేరిటి అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువపరచినది.

వస్తువును చేసి అమ్మినవాడే దాని అంత్యదశకును బాధ్యుడు కావలెనను సూత్రమును స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ప్రతిపాదించెను. మన దేశమున 2016 నాటి ఈ-వ్యర్థాల నియమములు పాదరస దీపములను ఈ సూత్రము క్రిందికి తెచ్చి, సేకరణ కేంద్రముల భారమును ఉత్పత్తిదారులపై నుంచినవి. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న కొత్త నియమములు పునఃశుద్ధి లక్ష్యమును తొలి రెండేండ్లకు 60 శాతముగాను, తరువాత 70గాను, 2027-28 నుండి 80గాను నిర్ణయించినవి. అంకెలు ఘనముగనే యున్నవి. కాని ఈ లక్ష్యము తీరినదనుటకు సాక్ష్యమైన పత్రములు బంగారము, రాగి, ఇనుము, అల్యూమినియము అను నాలుగు లోహముల లెక్కపై పుట్టుచున్నవి. ట్యూబులైటులో బంగారము లేదు. రెండు కొసలయందును చిన్న లోహపు టోపీలు మాత్రమే కలవు. గాజునకు లెక్క లేదు, పొడికి లేదు, దేనికొరకు ఈ దీపమును ప్రమాదకరమని జాబితా కెక్కించితిమో ఆ పాదరసమునకే లెక్క లేదు. ఇది చిన్న లోపము కాదు. నియమము ఉద్దేశమునే తలక్రిందులు చేయు లోపము.

దీపమును దీపముగనే లెక్కించుట అసాధ్యమని ఈ బొగ్గుబెల్టులో ఎవరైన అనగలరా? బాయి దిగు కార్మికుడు హాజరు పడిన పిమ్మట ల్యాంపురూములో తన నంబరు గల క్యాప్‌ల్యాంపును తీసికొని, బ్యాటరీని నడుముపట్టీకి తగిలించుకొని పోవును. షిఫ్టు దిగినప్పుడు దానిని మరల అదే స్థానమున ఛార్జింగుకు పెట్టును. ఆ వరుసలో ఒక్క స్థానము ఖాళీగా కనబడినను, ఒక మనిషి ఇంకను భూగర్భమున నున్నాడేమో యని ఆరా తీయుదురు. ఇచ్చిన ప్రతి దీపము తిరిగి రావలెనను క్రమశిక్షణ మన తండ్రుల కాలమునుండి ఇచ్చట నడచుచున్నది. ఎందుకనగా ఆ లెక్కలో ప్రాణమున్నదని అందరును ఎరుగుదురు. అమ్మిన ట్యూబుల లెక్కలోను ప్రాణము లున్నవి, అవి కొంత నెమ్మదిగా పోవుననుటయే భేదము.

ఖర్చు మాట ఎత్తువారికి ఒక పాత సంగతి జ్ఞప్తి చేయవలసియున్నది. 2009 ప్రాంతమున విశాఖపట్నములో ఆస్రామ్ సంస్థ ఇంటింటికి సీఎఫ్ఎల్ దీపములు చేర్చి పాత ఫిలమెంటు బల్బులను వెనుకకు తీసికొనెను. కర్బన ఉద్గారముల తగ్గింపు పత్రములు రావలెనన్న ఆ ఏర్పాటు అవసరమాయెను. ప్రతిఫల మున్నప్పుడు గడపగడపకు పోగలిగిన పరిశ్రమ, బాధ్యత ఉన్నప్పుడు పోలేననుట ఒప్పుకొనదగినది కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రము అదే 2009లో పాదరస దీపముల పునఃశుద్ధి వ్యయమును తయారీదారులే భరింపవలెనని శాసించినది.

కాలము సయితము మించిపోవుచున్నది. మినమాట ఒడంబడిక సభ్యదేశములు 2023లో జెనీవాయందు చేసిన నిర్ణయము ననుసరించి ట్యూబులైట్ల తయారీ 2027 నాటికి ముగియవలెను. అమ్మకము నిలిచిన వెనుక కూడ ఏండ్ల తరబడి ఇండ్లనుండి, బడులనుండి, కార్యాలయములనుండి పాత ట్యూబులు దిగుచునే యుండును. వ్యాపారము మానుకొన్నవానికి బాధ్యత మానిపోరాదు; చివరి దీపము తిరిగి వచ్చువరకు అయ్యెడి వ్యయమును కంపెనీలనుండి ఇప్పుడే డిపాజిట్టుగా కట్టించుకొనవలెను.

కేంద్ర పర్యావరణ శాఖ పాదరస దీపములకు ప్రత్యేక పద్దు తెరచి, తూకముచే గాక సంఖ్యచే లెక్కించి, వెలికితీసిన పాదరసమునకే పత్రము లిచ్చునట్లు నియమమును సవరింపవలెను. ఉత్పత్తిదారులు మండల కేంద్రమునకు ఒక్కటి చొప్పున, ట్యూబు పగులక నిలుచు పెట్టెలతో సేకరణ స్థలమును నడపి, వాటిని తమ ఖర్చుతో అనుమతి గల పునఃశుద్ధి కేంద్రములకు చేర్చవలెను. ఆ రవాణాభారము గ్రామపంచాయతీపై పడరాదు. సింగరేణి కాలరీస్ వంటి బృహత్సంస్థలు నియమముల ప్రకారమే భారీ వినియోగదారులు. తమ గనులు, ఆఫీసులు, ఆసుపత్రులు, క్వార్టర్లనుండి దిగిన దీపములెన్ని, ఎవరికి అప్పగించితిమి అను పట్టికను ఏటేట ప్రకటింపవలెను. లక్ష్యము 80 శాతమునకు పెరుగకముందే ఈ సవరణ రావలెనని మేము గట్టిగా కోరుచున్నాము.