ఆక్టివేట్ కొట్టగానే పండగ కాదు!

"మీ మెయిన్‌ఫ్రేమ్‌కి ఓ డిస్కు తగిలించాలన్నా ముందు చిట్టా రాయాలట కదా! మా లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చితే దానంతటదే పట్టేసుకుంటుంది" అని జావా మిత్రులు నవ్వుతుంటారు. నవ్వండి నాయనా! కానీ మీ పెన్‌డ్రైవ్‌ని ఒకేసారి పది ఆపరేటింగ్ సిస్టమ్‌లు పంచుకోవు. దానికి ఎనిమిది దారులుండవు. ఒక దారి తెగితే ఇంకో దారిలో పని సాగిపోవాల్సిన అవసరమూ లేదు. మాకివన్నీ రోజూ ఉండే గొడవలే. అందుకే ఏ ఛానెల్ మీద ఏ కంట్రోల్ యూనిట్ ఉంది, దాని కింద ఏ నంబరు డివైస్ ఉంది, ఏ పార్టిషన్ దాన్ని వాడుకోవచ్చు అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ఇది వెనకబాటుతనం కాదండీ, లెక్క.

1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించింది. ఆ కాలంలో కొత్త డివైస్ చేర్చాలంటే సిస్టమ్‌నే మళ్ళీ జెనరేట్ చేసుకోవాల్సొచ్చేది. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు హార్డ్‌వేర్‌కొక చిట్టా, ఆపరేటింగ్ సిస్టమ్‌కొక చిట్టా. రెండూ కలవకపోతే అంతే సంగతులు! 1990ల మొదట్లో హెచ్‌సీడీ వచ్చి, రెంటినీ ఐఓడీఎఫ్ అనే ఒకే ఫైల్లోకి తెచ్చింది. మెషీన్ ఆపకుండానే ఆక్టివేట్ కమాండు కొట్టి మార్పు చేసుకునే వీలొచ్చింది.

ఆ వీలే మనల్ని చెడగొట్టిందని నా వాదన.

కొన్నేళ్ళ క్రితం సంగతి. ఒక శనివారం రాత్రి కొత్త డిస్కులు చేర్చాం. ఐఓడీఎఫ్ తయారు, ముందు టెస్ట్ ఆప్షన్‌తో చూసుకున్నాం, తర్వాత ఆక్టివేట్. డిస్కులు ఆన్‌లైన్‌కి వచ్చేశాయి. టికెట్ క్లోజు, మేనేజరు నుంచి "గుడ్ జాబ్" మెయిలు. ఆర్నెల్ల తర్వాత మెయింటెనెన్స్ కోసం మెషీన్‌కి పవర్ ఆన్ రీసెట్ చేశారు. సిస్టమ్ చక్కగా లేచింది, డిస్కులు మాత్రం లేవు! రాత్రి బ్యాచ్ జాబులు వరసగా పడిపోయాయి. తెల్లారేదాకా అందరం కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరిగాం.

కారణం చాలా చిన్నది. ఆక్టివేట్ మార్చేది ఇప్పుడు నడుస్తున్న మెషీన్ మెమరీలోని లెక్కని. రీసెట్ అయ్యాక మెషీన్ చదువుకునేది సపోర్ట్ ఎలిమెంట్ డిస్కులో ఉన్న ఐఓసీడీఎస్‌ని. దాన్ని ఎవరూ కొత్తగా రాయలేదు. ఐపీఎల్ అప్పుడు చదివే లోడ్ మెంబర్లో కూడా పాత ఐఓడీఎఫ్ నంబరే ఉంది. పాపం మెషీన్ తనకి రాసిచ్చిందే నమ్మింది. తప్పేముంది?

మర్నాడు మీటింగులో ఒక పెద్దాయన "పాత టెక్నాలజీ, ఇంతే మరి" అని తేల్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నేను నోరు మూసుక్కూచున్నాను. ఎందుకంటే ఆ శనివారం ఆక్టివేట్ కొట్టిందీ, "విజయవంతంగా పూర్తయింది" అని టికెట్లో రాసిందీ నేనే.

నిమిషాల్లో అయ్యే ఆ పని ఎందుకు చెయ్యలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. డిస్కు ఆన్‌లైన్‌కి వచ్చిందా లేదా అన్నదే మనకి కొలబద్ద. రీసెట్ తర్వాత కూడా వస్తుందా అని అడిగే గడి ఏ టికెట్లోనూ లేదు. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని "నాకు మెయిన్‌ఫ్రేమ్ వచ్చు" అంటూ వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఐఓడీఎఫ్ అన్న మాట ఉద్యోగంలో చేరాకే విన్నాను. అదీ చేతులు కాలాకే అర్థమైంది.

"అర్ధరాత్రి రెండింటికి ఇవన్నీ ఎవడు చేస్తాడు బాబూ" అంటారు కొందరు. అర్ధరాత్రే చెయ్యమని ఎవరన్నారు? ఆదివారం పొద్దున చెయ్యండి. కానీ మూడు పనులయ్యేదాకా టికెట్ మూయకండి. ఐఓసీడీఎస్ రాసి, వచ్చే రీసెట్‌కి అదే వాడాలని చెప్పాలి. లోడ్ మెంబర్ మార్చాలి. వెనక్కి వెళ్ళాల్సొస్తే ఏ ఐఓడీఎఫ్‌కి వెళ్ళాలో రాసిపెట్టాలి.

ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అన్లేదు. ఈ రాత్రి నడిస్తే చాలనుకుంటే అది సగం పనే. మిగతా సగం ఆర్నెల్ల తర్వాత ఎవడో నైట్ షిఫ్ట్ కుర్రాడి నెత్తిన పడుతుంది. వాడి ఉసురు మనకెందుకు చెప్పండి?