రెండు చిత్రములు, ఒక సూది

లోకమునకు మందులు చేసి పంపు పటాన్‌చెరువు ప్రాంతము తన నక్కవాగును తానే చెరుపుకొన్నది. ఇచ్చటి వ్యర్థజల శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు గలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఈ నీటికిని రాచపుండునకును ఎంతటి సంబంధము గలదో తేల్చుట పరిశోధకుల పని. రోగికి చికిత్స సమకూర్చుట ప్రభుత్వము వారి పని. మొదటిది తేలువరకు రెండవది ఆగనక్కరలేదు.

ఆ చికిత్స నేడు చాల మారినది. కాలేయములో చిన్న గడ్డ యున్నదనుకొందము. సి.టి. లేక ఎం.ఆర్.ఐ. చిత్రములో నది స్పష్టముగ గనిపించును. కాని యది నిన్న తీసిన చిత్రము. అల్ట్రాసౌండులో సూది కదలిక అప్పటికప్పుడు గనిపించును. గడ్డ మాత్రము తరచు మసకగ నుండును. ఈ రెండింటిని గణనయంత్రము ఒకదానిపై నొకటి సరిపెట్టి చూపగా, వైద్యుడు కడుపు కోయకయే సన్నని సూదిని గడ్డలోనికి జొప్పించి, రేడియో తరంగముల వేడిమితో దానిని మాడ్చివేయును. మూడు సెంటీమీటర్లకు లోబడిన గడ్డలకే ఈ పద్ధతి మిక్కిలి యనుకూలము. ఊపిరితో కాలేయము కదలును గనుక చిత్రములు తప్పిపోవుటయు గలదు. కావున దీనిని సర్వరోగనివారిణిగ జాటువారిని నమ్మరాదు. అయినను, దినకూలితో బ్రదుకు మనిషి నెలల తరబడి మంచము పట్టక కొలది దినములకే పనిలోనికి వచ్చుట సామాన్యమైన లాభమా?

రాంట్‌జెన్ ఎక్సు కిరణములను గనుగొన్న 1895వ సంవత్సరముననే భీమవరములో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయన అమెరికాలో రూపొందింపజేసిన అమినోప్టెరిన్ మందును 1947లో బోస్టనులో ఫార్బరు వైద్యుడు రక్తకేన్సరు సోకిన పసిపిల్లలకు వాడి చూచెను. రాచపుండుతో పోరు తెలుగువానికి క్రొత్త గాదు.

ఇక జిల్లాలో నేమి కొదవ? కందిలో ఐ.ఐ.టి. గలదు, అందు వైద్యసంబంధమైన ఇంజనీరింగు శాఖయు గలదు. సుల్తాన్‌పూరులో వైద్యపరికరముల పార్కునకు 2017లో శంకుస్థాపన జరిగినది. గుండెనాళములలో నమర్చు స్టెంటులు అచ్చట తయారగుచున్నవి. సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో ఆరంభమైనది. ఇన్ని యుండియు రాచపుండు రోగి హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ వైద్యశాలకో, పొలమమ్ముకొని ప్రైవేటు ఆసుపత్రికో పరుగిడవలసి వచ్చుచున్నది. ఆ పొలము విలువ యెంతో మా పాఠకులకు వేరుగ జెప్పనేల!

కోట్ల ధనము కావలెనని కొందరందురు. పెట్ యంత్రమును జిల్లాకొకటి యిమ్మని మేము కోరుట లేదు. దానికి వాడుకయందున్న ఫ్లోరిన్ ద్రవ్యము 110 నిమిషములకే సగమై తరుగును. అది నగరములోనే యుండుట సబబు. అల్ట్రాసౌండు పద్ధతికి అంతటి యట్టహాసము లేదు. సి.టి. ఎక్కడ తీసినను చాలును. మంచి అల్ట్రాసౌండు యంత్రము, దాని పిడికి స్థానము దెలుపు పరికరము, చిత్రములను గలుపు గణనయంత్రము, వేడి పుట్టించు యంత్రము కావలయును. అన్నిటికంటె ముఖ్యము శిక్షణ పొందిన చేయి. యంత్రమును కొని, నడుపువానిని నియమింపక, గదికి తాళము వేయు అలవాటు మన ప్రభుత్వ వైద్యశాలలకు క్రొత్త గాదు.

కావున సంగారెడ్డి వైద్యకళాశాలనుండి ఇద్దరు రేడియాలజీ వైద్యులను ఈ సంవత్సరమే నగరమునకు శిక్షణకు పంపవలెను. వారు తిరిగివచ్చులోపల యంత్రములు కొనవలెను. ఈ చికిత్సకు ఆరోగ్యశ్రీ క్రింద జిల్లా వైద్యశాలలోనే చెల్లింపు జరుగునట్లు ఉత్తరువు వెలువరింపవలెను. పరికరముల వెల తగ్గించు మార్గమును కంది పండితులును సుల్తాన్‌పూరు తయారీదారులును కలిసి వెదుకవలెను. వారి నడుమ దూరము కొలది మైళ్లే. వారిని ఒకచోట గూర్చుండబెట్టు అధికారి యెవరో జిల్లా కలెక్టరుగారు తెలుపుదురా?